ఊరు మారినా కచేరీ మారదా?

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవానికి కమిటీవారు సొమ్ము వెచ్చించి ఒక ఆర్కెస్ట్రా బృందాన్ని పిలిపించిన సంగతి విద్యార్థినీ విద్యార్థులకు జ్ఞాపకమే. పాటలు బాగానే ఉన్నవి. గాయకుల కంఠాలలో లోపం లేదు, వాద్యకారుల చేతులలో తడబాటు లేదు. అయినను ఆ రాత్రి జరిగిన రెండు చిన్న సంఘటనలు మమ్ము ఆలోచనలో పడవేసినవి. నాలుగవ పాట ముగిసిన పిమ్మట ప్రధాన గాయకుడు చేతులు జోడించి శ్రోతలకు కృతజ్ఞతలు చెబుతూ, మన ఊరి పేరుకు బదులు అంతకు ముందు రాత్రి తాము పాడి వచ్చిన ఊరి పేరు చెప్పినాడు. సభ ఘొల్లుమన్నది. ఆయన కూడ నవ్వి సర్దుకొన్నాడు. కొంతసేపటికి ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు తన తాతగారికి ఇష్టమైన ఒక పాత ఖవ్వాలీని పాడవలసినదిగా కోరుతూ చీటీ వ్రాసి వేదిక మీదికి పంపినాడు. "మా వరుసలో లేదు, దానికి ట్రాకు లేదు" అనే సమాధానంతో ఆ చీటీ తిరిగి వచ్చినది.

ఇవి నవ్వుకొని మరచిపోదగిన విషయాలేనని కొందరు మిత్రులు అన్నారు. మాకు అట్లు తోచలేదు. ఊరి పేరు తప్పిపోవడం నోటి పొరపాటే కావచ్చు. కాని ఆ పొరపాటుకు తావిచ్చినది, ఆ రాత్రికీ ముందు రాత్రికీ మధ్య ఏ భేదమూ లేకపోవడమే. అవే పాటలు, అదే వరుస, అవే చమత్కారాలు, అవే కృతజ్ఞతలు. వినేవారు మాత్రమే మారినారు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే బృందాలు తమ కార్యక్రమాన్ని ఊరికొక తీరుగా మార్చవలెనా, లేక చక్కగా సాధన చేసిన ఒకే కార్యక్రమాన్ని అంతటా వినిపించవలెనా అనే ప్రశ్న మన వేదికకూ సంబంధించినదే. ఈ సంవత్సరం కూడ కమిటీవారు ఒక బృందాన్ని ఎన్నుకొనవలసి ఉన్నది. మన విద్యార్థుల గీతబృందం ఇతర కళాశాలలలో జరిగే పోటీలకు బయలుదేరవలసి ఉన్నది. అందుచేత ఈ విషయమై మా అభిప్రాయాన్ని సవినయంగా నివేదిస్తున్నాము.

మార్చనక్కరలేదనే వారి వాదాన్ని ముందుగా న్యాయంగా వినవలెను. ఒక బృందం ఒక ఊరికి మళ్ళీ ఎన్నేండ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. బృందానికి నూరవసారి అయిన పాట ఆ ఊరి శ్రోతకు మొదటిసారి. ప్రసిద్ధమైన పాటను వినవలెనని టిక్కెట్టు కొని వచ్చినవానికి, మాకు విసుగు పుట్టినది గనుక వేరే పాట పాడుతున్నామని చెప్పడం న్యాయం కాదు. పైగా రాత్రి ప్రయాణాలు, నిద్రలేమి, అలవాటు లేని వేదికలు, మొరాయించే మైకులు ఉండనే ఉన్నవి. వీటి నడుమ స్థిరమైన వరుస ఒక్కటే సంచార కళాకారునికి ఊతకర్ర. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలై, కుటుంబాలు కుటుంబాలుగా ఊళ్ళు తిరిగిన సురభి వారి సంగతి చూడండి. మాయాబజారు నాటకంలోని మాయలన్నీ తెర వెనుక చేతుల కొలతలో ఉన్నవి. ఒక్క క్షణం తప్పితే మాయ కాస్తా నవ్వులపాలవుతుంది. అక్కడ మార్పు లేకపోవడమే ప్రతిభ.

శ్రోతలు ఆవృత్తిని కోరరనడం కూడ సత్యం కాదు. మన తెలుగువారు పద్యనాటకంలో మంచి పద్యం వినబడగానే "వన్స్ మోర్" అని కేకలు వేసినవారే. ముషాయిరాలో మంచి షేర్ వినబడితే "ముకర్రర్" అనే పిలుపు లేస్తుంది. అనగా మరొకసారి చదవండి అని. ఖవ్వాలీ గాయకులు ఒకే పంక్తిని పలుమార్లు పాడడాన్ని తక్రార్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు ఆవృత్తి అని అర్థం. అదే మాట తెలుగులోనికి తకరారు అనే రూపంలో వచ్చి వివాదం అనే అర్థం తెచ్చుకొన్నది. ఆవృత్తి ఎక్కడ ఆనందమవుతుంది, ఎక్కడ తకరారు అవుతుంది అనేదే మన ముందున్న అసలు విచారణ.

పాశ్చాత్య దేశాల బృందాల చరిత్రలో దీనికి చక్కని దృష్టాంతాలున్నవి. మన విద్యార్థులు నేడు ఫోనులలో వినే ఇంగ్లీషు పాటలకు దారి వేసిన బీటిల్స్ బృందం 1966 ఆగస్టు 29వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని కాండిల్‌స్టిక్ పార్కు క్రీడామైదానంలో కచేరీ చేసినది. టిక్కెట్టు పెట్టి జరిపిన వారి కచేరీలలో అదే చివరిది. ఆ రాత్రి వారు పాడినవి 11 పాటలు. పట్టిన కాలం సుమారు అరగంట. ఆ యాత్ర పొడవునా దాదాపు అవే పాటలు. అదే నెలలో వారి కొత్త రికార్డు రివాల్వర్ విడుదలైనది. దానిలోని ఒక్క పాటనైనా వారు ఆ వేదికలపై పాడలేదు. స్టూడియోలో టేపులను కలిపి, తిరగవేసి చేసిన ఆ సంగీతాన్ని మూడు గిటార్లతో, ఒక డ్రమ్ముతో మైదానంలో వినిపించడం కష్టమైనది. ఒకవేళ వినిపించినను వినేవారు లేరు. ప్రేక్షకుల కేకలలో తాము ఏమి వాయిస్తున్నామో వారికే వినబడేది కాదు. ఆ చివరి కచేరీని ఒక చిన్న టేపురికార్డరులో పట్టించగా, చివరి పాట మధ్యలోనే టేపు అయిపోయినది. ప్రపంచంలో అందరికంటె ఎక్కువ ప్రసిద్ధి గడించిన బృందం ఊరూరా తిరగడం మానివేయడానికి కారణాలు అనేకం. కాని శ్రోతలకూ గాయకులకూ మధ్య వినడం అనే సంబంధమే తెగిపోయిన తరువాత పాట మారితేనేమి, మారకుంటేనేమి?

దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గాన్ని కాలిఫోర్నియాలోనే పుట్టిన మరొక బృందం పట్టినది. 1965లో ప్రారంభమై 1995 వరకు సాగిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం సుమారు 2300 కచేరీలు చేసినది. ఏ రాత్రి ఏ పాట వస్తుందో శ్రోతలకు తెలియదు. పలుమార్లు ఆ బృందానికే ముందుగా తెలియదు. ఒకే పాట ఒక రాత్రి కొద్ది నిమిషాలలో ముగిసేది, మరొక రాత్రి అరగంట దాకా సాగేది. శ్రోతలు తమ స్వంత యంత్రాలతో కచేరీని రికార్డు చేసికొనడానికి వారు అభ్యంతరం చెప్పలేదు. 1984లో అట్టివారికి ప్రత్యేకంగా స్థలం కూడ కేటాయించినారు. ప్రతి రాత్రీ వేరుగా ఉన్నందువల్లనే ఆ టేపులకు విలువ కలిగినది. 1977 మే 8వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో, అనగా మనవంటి విద్యార్థుల నడుమ, జరిగిన వారి కచేరీ టేపును అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం 2012లో ప్రకటించిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకొన్నది. ఎం.ఏ. చదివే రోజులలో హాస్టలు మిత్రుడొకడు ఆ బృందం ఒకే పాటను వేర్వేరు రాత్రులలో వాయించిన తీరులను మాకు వరుసగా వినిపించినాడు. మొదట అవి ఒకే పాట అని మేము పోల్చుకొనలేకపోయినాము.

అట్లని ఆ మార్గంలో నష్టం లేదని చెప్పజాలము. పదాలు మరచిన రాత్రులు, వాద్యాలు ఒకదానినొకటి కలిసికొనలేని రాత్రులు ఆ బృందానికి తక్కువ కాదు. ఆ రాత్రి సొమ్ము చెల్లించి వచ్చినవాని గతి ఏమి? మార్పులో ప్రమాదం ఉన్నది. ఆ ప్రమాదాన్ని పంచుకొనడానికి సిద్ధపడిన శ్రోతలు దొరకడం వారి అదృష్టం.

ఈ రెండు కొసలకు మధ్య ఒక దారి ఉన్నదని నేటి కాలం చూపినది. టేలర్ స్విఫ్ట్ అనే గాయని 2023 మార్చి నుండి 2024 డిసెంబరు వరకు ఈరాస్ టూర్ పేరిట 149 కచేరీలు చేసినారు. మూడు గంటలకు పైబడిన ఆ కార్యక్రమంలో దీపాలు, నృత్యాలు, వస్త్రాల మార్పులు అన్నీ ముందే నిర్ణయింపబడినవి. అంత పెద్ద యంత్రాంగాన్ని రోజుకొక తీరుగా మార్చడం అసాధ్యం. అయినను చివరి భాగంలో ఆమె గిటారుతోనో పియానోతోనో ఒంటరిగా నిలిచి, ఆ రాత్రికే ప్రత్యేకమైన పాటలు వినిపించేవారు. మిగిలినదంతా ముందే తెలిసిన శ్రోతలు ఆ కొద్ది నిమిషాల కొరకు దేశదేశాలలో ఎదురుచూచినారు. కచేరీ అంతా మారనక్కరలేదు, మార్పుకు ఒక కిటికీ తెరచి ఉంచితే చాలునని దీనివలన తెలియుచున్నది.

ఇదంతా కొత్త సంగతి అని మన విద్యార్థులు భ్రమపడరాదు. ఈ కిటికీని మనవారు ఎప్పుడో తెరచినారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించి, 1986లో పద్మశ్రీ పొంది, 1997లో కన్నుమూసిన షేక్ నాజర్ గారి బుర్రకథనే తీసికొందాము. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన ఎన్ని ఊళ్ళలో చెప్పినారో లెక్క లేదు. కథ మారదు. వీరుడు చావక తప్పదు. కాని కథకుని కిరుప్రక్కల నిలిచే ఇద్దరు వంతలలో ఒకడు హాస్యం చెబుతాడు, రెండవవాడు రాజకీయం చెబుతాడు. రాజకీయపు వంత నోటిలో వర్తమానం పలకవలెను. ఈ ఊరి నీళ్ళ సంగతి, ఈ ఏటి ధరల సంగతి, నిన్నటి వార్త సంగతి అతడు కథలో దూర్చి అడుగుతాడు. అనగా మారని కథకు ప్రక్కనే మారవలసినవాని కొక స్థానం ఆ కళారూపమే ఏర్పరచినది. పొరుగూరి పేరు చెప్పే రాజకీయపు వంతను ఏ ఊరివారూ సహించి ఉండరు!

ఖవ్వాలీ సంగతి మన ఉర్దూ శాఖ మిత్రులకు మాకంటె బాగుగా తెలియును. పాడుతున్న కవితను మధ్యలో ఆపి, మరొక కవి పంక్తిని తెచ్చి ముడివేయడాన్ని గిరహ్ అంటారు. ఏ ముడి ఎక్కడ వేయవలెనో ఎదుట కూర్చున్నవారి ముఖాలే చెబుతవి. సమా సభలో ఏ పంక్తి వద్ద శ్రోత హృదయం కరిగినదో ఆ పంక్తిని విడిచి ముందుకు పోరాదని మర్యాద. 1235లో ఢిల్లీలో హజ్రత్ ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక పారశీక ద్విపదను వింటూ పరవశించి, ఆ పరవశంలోనే దేహం చాలించినారని, అంతవరకు గాయకులు ఆ పంక్తినే పాడుతూ ఉండినారని పరంపరగా చెప్పుకొంటారు. ఇంతకంటె ఎక్కువ ఆవృత్తి ఎక్కడ ఉన్నది? కాని అది వ్రాసియుంచిన వరుసను అనుసరించి చేసిన ఆవృత్తి కాదు. ఎదుటి మనిషిని అనుసరించి చేసినది. 1985లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ బృందం ఇంగ్లండులోని మెర్సీ దీవిలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో పాడినపుడు, ఆ భాష తెలియని శ్రోతలు సైతం ముగ్ధులైనారు. హార్మోనియం, తబలా, కొన్ని జతల చప్పట్లు అక్కడకూ ఇక్కడకూ ఒక్కటే. కాని ఆ చప్పట్లు ఎప్పుడు ఎగయవలెనో, ఎప్పుడు అణగవలెనో సభను చూచి నిర్ణయించే విద్య వారి వద్ద ఉన్నది.

దక్షిణాది సంగీత శాస్త్రం ఈ విషయాన్ని రెండు మాటలలో తేల్చివేసినది: కల్పిత సంగీతం, మనోధర్మ సంగీతం. కృతి కల్పితం, పెద్దలు కట్టిన ఆ ఇంటిలో గోడలు కదపరాదు. రాగాలాపన, స్వరకల్పన మనోధర్మం. అవి ఆ పూట పుట్టవలెను. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, నాదస్వర విద్యలో శిఖరమెక్కి, 1998లో మద్రాసు సంగీత అకాడెమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకొన్న షేక్ చిన మౌలానా గారు జీవితమంతా ఈ రెండింటినీ జోడుగా నడిపినారు. కృతిని మార్చలేదని ఆయనను ఎవరూ తప్పుపట్టలేదు, నిన్నటి ఆలాపననే నేడు వాయించవలెనని ఎవరూ కోరలేదు.

కనుక మా అభిప్రాయం ఇది. సంచార బృందాలు తమ కచేరీలను మార్చవలసినదే. కాని ఎన్ని పాటలు మార్చినారనేది కొలత కాదు. ఎదుట ఉన్న శ్రోత ఆ కచేరీలో ఎంత భాగం వహించినాడనేది కొలత. శ్రోతను చూడకుండ ఇరవై పాటలు మార్చిన బృందం మారనట్లే. శ్రోత "ముకర్రర్" అన్నందువలన ఒకే పాటను రెండుమార్లు పాడిన బృందం మారినట్లే. ప్రసిద్ధమైన పాట ఆ ఊరికి చెల్లించవలసిన బాకీ, దానిని ఎగవేయరాదు. ఆ ఊరిలో, ఆ రాత్రి మాత్రమే జరుగగల ఒక్క ఘట్టం కూడ బాకీయే. రెండవ బాకీ చెల్లించనివారిని పిలిపించుట కంటె మంచి స్పీకర్లు అద్దెకు తెచ్చి రికార్డు వేసికొనడం మేలు. ఖర్చు తగ్గుతుంది, ఊరి పేరు తప్పదు.

ఇందులో శ్రోతల దోషం కూడ ఉన్నదని చెప్పక తప్పదు. అదే రాత్రి ఒక గాయని ఒక పాట చరణంలో సంగతిని కొద్దిగా మార్చి పాడగా, వెనుక వరుసలలోని మన విద్యార్థులే "సినిమాలో అట్లా లేదు" అని అరచినారు. ఆమె వెంటనే పాత దారికి వచ్చినది. చీటీని త్రిప్పిపంపిన బృందాన్ని నిందించేముందు, మారిన సంగతిని త్రిప్పికొట్టిన మనలను కూడ నిందించుకొనవలెను. రికార్డులో విన్నదానినే వేదికపై కోరే శ్రోతలు రికార్డువంటి బృందాలనే తయారుచేసికొంటారు. మనము ఫోనులు ఎత్తిపట్టి, ఆ చిన్న అద్దంలోనుండి వేదికను చూస్తూ కూర్చుంటే గాయకునికి మన ముఖాలు కనబడవు. ముఖాలు కనబడనిచో గిరహ్ ఎక్కడ వేయగలడు?

మమ్ము కూడ మినహాయించుకొనజాలము. అధ్యాపకుడు కూడ ఒక విధమైన సంచార గాయకుడే. ఉదయం ఒక సెక్షనులో చెప్పిన పాఠమే మధ్యాహ్నం మరొక సెక్షనులో చెప్పవలెను. ఈ ఏడు చెప్పినదే వచ్చే ఏడు చెప్పవలెను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం వ్రాసికొన్న నోట్సును మేము నాలుగేండ్లు మార్చకుండ వల్లించినాము. అదే చోట అదే ఛలోక్తి వేసి, నవ్వు కొరకు ఆగేవారము. ఒకనాడు వెనుక బెంచీలోని విద్యార్థి ఒకడు ఆ ఛలోక్తిని మాకంటె ముందుగా తానే పూర్తిచేసినాడు. అతని అన్నగారు అంతకు రెండేండ్ల క్రిందట మా తరగతిలోనే కూర్చున్నారట! తరగతి నవ్వినది. నాటికి సిగ్గుపడినాము, నేడు ఆ విద్యార్థికి కృతజ్ఞులము. పద్యం మారదు, ప్రతిపదార్థం మారదు. కాని ఎదుట కూర్చున్నవారు మారినప్పుడు ఉదాహరణ మారవలెనని ఆనాడు తెలిసికొన్నాము.

ఈ సందర్భంలో కళాశాల కమిటీవారికి మూడు మనవులు. ఈ సంవత్సరం ఏ బృందాన్ని పిలిచినను, కార్యక్రమంలో నాలుగవ వంతు కాలం శ్రోతల చీటీలకు విడిచిపెట్టవలెనని ముందే ఒడంబడిక చేసికొనవలెను. ఒక ఉర్దూ పాట, ఒక తెలుగు పాట మన విద్యార్థులతో కలిసి, ట్రాకు లేకుండ పాడవలెనని కోరవలెను. ఆ భాగంలో పొరపాట్లు దొర్లితే వారి పారితోషికంలో కోత విధించరాదు. తప్పు చేయడానికి స్వేచ్ఛ లేనివానికి కొత్తది చేయడానికి ధైర్యం ఉండదు.

మన గీతబృందపు విద్యార్థులకు ఒక్క మాట. బహుమతి తెచ్చిన మూడు పాటలనే మూడేండ్లుగా ప్రతి వేదికపై మీరు పాడుతున్నారు. ఓడిపోతామనే భయమే ఇందుకు కారణమని మాకు తెలియును. రెండు పాటలు అవే ఉంచండి. మూడవది మాత్రం ఏ కళాశాలకు వెళ్ళినారో ఆ కళాశాలను చూచి ఎన్నుకొనండి. బహుమతి రాకపోయినను, ఆ ఊరివారు మీ ఊరి పేరు జ్ఞాపకం ఉంచుకొంటారు.

ఆనాడు తిరిగి వచ్చిన చీటీని ఆ విద్యార్థి వద్ద అడిగి తీసికొని మేము భద్రపరచినాము. ఈ సంవత్సరపు వార్షికోత్సవం నాడు దానిని మరల వేదిక మీదికి పంపదలచినాము. ఆ విద్యార్థి తాతగారు కూడ విచ్చేస్తానన్నారు. సమాధానం ఈసారి వేరుగా ఉండునని ఆశిస్తున్నాము.